థర్మోస్టాట్‌కి దాని వైరు దానికి లాగాలి

అమెరికాలో స్మార్ట్ థర్మోస్టాట్ (ఇంటి వేడినీ చల్లదనాన్నీ నడిపే, వైఫై ఉన్న గోడ పెట్టె) కొనబోతే డబ్బా మీదో, అమ్మేవాళ్ల పేజీలోనో ఒక భరోసా కనిపిస్తుంది: చాలా ఇళ్లలో సీ వైరు (థర్మోస్టాట్‌కి ఎప్పుడూ కరెంటు అందేలా చేసే తీగ) అక్కర్లేదని. ఆ మాట నమ్మి కొనుక్కుని, ఒక శనివారం పొద్దున పాతది ఊడదీసి కొత్తది బిగించి, కొన్నాళ్లకి ఇల్లు వేడెక్కకో చల్లబడకో టెన్షన్ పడ్డవాళ్లు నాకు తెలిసిన తెలుగువాళ్లలోనే చాలామంది ఉన్నారు. డాలస్ చుట్టుపక్కల ఉన్నవాళ్లు మండు వేసవిలో ఫోన్ చేస్తారు. న్యూజెర్సీ వాళ్లు జనవరిలో చేస్తారు. అందరూ అడిగేది ఒకటే: "థర్మోస్టాట్ తెర ఆరిపోయింది, ఇక ఇది పోయినట్టేనా?" చాలాసార్లు థర్మోస్టాట్‌కి ఏమీ అయి ఉండదు. దానికి కరెంటు అందక పడుకుని ఉంటుంది.

ఆ కరెంటు ఎక్కణ్నుంచి వస్తోందో ఇంట్లో ఉండేవాళ్లకి తెలిసి ఉండాలి. నా వాదన ముందే చెప్పేస్తాను. వైఫై ఉన్న థర్మోస్టాట్ పెట్టుకోవాలనుకుంటే దానికి విడిగా సీ వైరు లాగించండి. అది కుదరకపోతే మామూలు బ్యాటరీలతో నడిచేది పెట్టుకోండి. వేరే యంత్రానికి వెళ్లే తీగలోంచి కాస్త కాస్త కరెంటు లాక్కుని బతికే థర్మోస్టాట్‌ని అన్ని దారులూ మూసుకుపోయినప్పుడే తీసుకోండి.

ఇది అర్థం కావాలంటే గోడ మీది ఆ పెట్టె మొదట్లో ఏమిటో చూడాలి. 1883లో విస్కాన్సిన్‌లో వారెన్ జాన్సన్ అనే అధ్యాపకుడు గది వేడిని బట్టి కింద బాయిలర్ చూసుకునే మనిషికి విద్యుత్ సంకేతం పంపే పరికరానికి పేటెంట్ తీసుకున్నాడు. ఆ తర్వాత రెండేళ్లకి మినియాపొలిస్‌లో ఆల్బర్ట్ బట్జ్ బొగ్గు పొయ్యికి గాలి వెళ్లే తలుపు గది చల్లబడగానే దానంతట అదే తెరుచుకునే ఏర్పాటు చేశాడు. అక్కణ్నుంచి డెబ్భై ఏళ్లలో ఆ పరికరం ఎంత సరళంగా మారిందంటే, 1953లో హనీవెల్ తెచ్చిన గుండ్రటి థర్మోస్టాట్‌కి తన కోసం విడిగా కరెంటు అక్కర్లేదు. హెన్రీ డ్రైఫస్ రూపకల్పన చేసిన ఆ గుండ్రటి మూత తీస్తే లోపల రెండు లోహాలు అతికించి చుట్టిన పట్టీ ఒకటి, దాని కొసన చిన్న గాజు బుడ్డి, అందులో పాదరసం బొట్టు. గది చల్లబడితే పట్టీ ముడుచుకుని బుడ్డి ఒరుగుతుంది, పాదరసం జారి రెండు తీగల్ని కలుపుతుంది, ఫర్నేస్ (ఇంటిని వేడిచేసే పొయ్యి) వెలుగుతుంది. గది వేడెక్కితే బుడ్డి అటు ఒరుగుతుంది, బొట్టు వెనక్కి జారుతుంది, ఫర్నేస్ ఆగుతుంది. నేను ఆ మూత తీసి చూసిన ప్రతిసారీ ఆ పాదరసం జారే తీరుని కాసేపు చూస్తూ ఉండిపోతాను. దశాబ్దాలపాటు ఎవరూ ముట్టుకోకుండా పనిచేసిన వస్తువది. (ఇప్పటికీ మీ ఇంట్లో ఉంటే చెత్తబుట్టలో మాత్రం వేయకండి. పాదరసం విషం. దాన్ని సేకరించే చోట ఇవ్వాలి.)

ఆ థర్మోస్టాట్ ఒట్టి స్విచ్చి. స్విచ్చికి కావలసింది రెండు తీగలే. అందుకే ఇళ్లు కట్టేవాళ్లు రెండు తీగలే లాగారు. ఏసీలు వచ్చాక నాలుగయ్యాయి. అమెరికా ఇళ్ల గోడల్లో ఆనాడు పాతిపెట్టిన ఆ లెక్కే ఈనాటి గొడవకంతా మూలం.

ఫర్నేస్ లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. ఇంటి 120 వోల్టుల్ని 24 వోల్టులకి దించుతుంది. చాలా ఇళ్లలో కనిపించేది 40 వోల్ట్ ఆంపియర్ల రకం, అంటే ఒకటిన్నర ఆంపియర్లకి కాస్త పైన ఇవ్వగలదు. దాని రెండు కొసల్లో ఒకదాన్ని ఆర్ అంటారు, రెండోదాన్ని సీ అంటారు. ఆర్ తీగ గోడ మీది థర్మోస్టాట్ దగ్గరికి వస్తుంది. అక్కణ్నుంచి డబ్ల్యూ అనే తీగ వెనక్కి వెళ్లి వేడి మొదలుపెట్టమని ఫర్నేస్‌కి చెబుతుంది. వై తీగ బయట ఉన్న ఏసీ యూనిట్‌లోని కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్చికి వెళ్తుంది. జీ తీగ బ్లోవర్‌ని, అంటే ఇంట్లోకి గాలి తోసే ఫ్యాన్‌ని తిప్పడానికి. ఈ మూడింటి అవతలి కొసలూ ఆయా యంత్రాల మీదుగా ఫర్నేస్ దగ్గరే సీకి కలిసి ఉంటాయి. ఆర్‌ని డబ్ల్యూతోనో వైతోనో జీతోనో కలపడం, విడదీయడం, థర్మోస్టాట్ చేసేది ఇంతే. కరెంటు వెళ్లాలంటే తిరిగి వచ్చే దారి ఉండాలి కదా, ఆ దారి సీ. అది గోడ దాకా రాకుండా ఫర్నేస్ దగ్గరే ఆగిపోయింది. ఒట్టి స్విచ్చికి దాని అవసరం లేదు కాబట్టి ఎవరూ దాన్ని పైకి లాగలేదు.

ఇప్పుడు ఆ స్విచ్చి చోట ప్రాసెసర్, రంగుల తెర, వైఫై ఉన్న పెట్టెని పెట్టాం. దానికి తిండి కావాలి. సగటున తినేది వాటులో కొంత భాగమే అయినా వైఫై సందేశం పంపే క్షణంలో ఇంచుమించు ఒక వాటు దాకా లాగుతుంది. తెర వెలిగితే ఇంకా. గోడలో చూస్తే ఆర్ ఉంది, సీ లేదు. ఒక కాలు మాత్రమే ఉంది. రెండో కాలు ఎలా?

ఇక్కడ ఇంజనీర్లు చేసిన పనిని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. ఫర్నేస్ ఆగి ఉన్నప్పుడు డబ్ల్యూ తీగ అవతలి కొసన రిలే (చిన్న కరెంటుతో కదిలే స్విచ్చి) కాయిల్ గానీ, గ్యాస్ వాల్వు కాయిల్ గానీ, అంటే ఒక తీగ చుట్ట ఉంటుంది, దాని వెనక సీ ఉంటుంది. కాబట్టి స్విచ్చి తెరిచి, అంటే తీగలు విడిగా ఉన్నప్పుడు ఆర్‌కీ డబ్ల్యూకీ మధ్య ఆ కాయిల్ మీదుగా దాదాపు 24 వోల్టులూ కనిపిస్తాయి. అందులోంచి కొన్ని మిల్లీ ఆంపియర్లు మాత్రమే లాక్కుంటే, ఆ కొద్దిపాటి కరెంటుకి కాయిల్ కదలదు, వాల్వు తెరుచుకోదు. అవతలి యంత్రానికి తెలియకుండానే థర్మోస్టాట్ కడుపు నిండుతుంది. ఆ కరెంటుని డీసీగా మార్చి లోపలి చిన్న రీఛార్జి బ్యాటరీలోనో కెపాసిటర్‌లోనో నింపుకుంటుంది, వైఫై పంపేటప్పుడు అందులోంచి ఖర్చుపెడుతుంది. ఈ రంగంలో దీన్ని పవర్ స్టీలింగ్ అంటారు.

ఫర్నేస్ నడుస్తున్నప్పుడు అసలు చిక్కు. అప్పుడు స్విచ్చి మూసి, అంటే తీగలు కలిసి ఉంటాయి. మూసి ఉన్న స్విచ్చి రెండు కొసల మధ్య వోల్టేజీ సున్నా. సున్నాలోంచి ఏం తీసుకుంటారు? అందుకని స్విచ్చిని పూర్తిగా మూయరు. అమెరికాలో కరెంటు సెకనుకి 60 ఆవృత్తులు, అంటే 120 అర్ధ తరంగాలు. ప్రతి అర్ధ తరంగం మొదట్లో స్విచ్చిని ఓ లిప్త ఆలస్యంగా మూస్తారు. ఆ లిప్తలో పైకి లేచిన కొన్ని వోల్టుల్ని థర్మోస్టాట్ తాగేస్తుంది, మిగతాది అవతలి కాయిల్‌కి పోతుంది. మరికొన్ని నమూనాల్లో దారిలోనే రెండు మూడు వోల్టులు తగ్గేలా డయోడ్లు పెట్టి ఆ తగ్గినదాన్ని వాడుకుంటారు. ఏసీ, హీటింగ్ రెండూ ఉన్న ఇళ్లలో ఇంకో ఉపాయం ఉంది: వేడి నడుస్తున్నప్పుడు ఖాళీగా ఉన్న వై తీగ మీంచి, ఏసీ నడుస్తున్నప్పుడు ఖాళీగా ఉన్న డబ్ల్యూ తీగ మీంచి తీసుకోవడం.

ఈ తెలివికి ఎంత విలువ ఉందో కోర్టుల్లో కూడా కనబడింది. నెస్ట్ అనే సంస్థ స్మార్ట్ థర్మోస్టాట్ 2011 అక్టోబరులో బయటికొచ్చింది. 2012 ఫిబ్రవరిలోనే హనీవెల్ ఆ సంస్థ మీద ఏడు పేటెంట్లతో దావా వేసింది. వాటిలో ఒకటి ఈ పవర్ స్టీలింగ్ మీదే. 2016లో రాజీ కుదిరేదాకా అది నడిచింది.

అంత మంచి ఉపాయాన్ని వద్దని ఎందుకంటున్నాను? మన కాలవల మీద దొంగ తూము పెట్టుకున్న రైతుని చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. నిండుగా పారే ఏడాది ఆ తూముతో ఎవరికీ నష్టం కనబడదు. నీళ్లు తగ్గిన ఏడాది చివరి ఆయకట్టు ఎండుతుంది, తూము పెట్టినవాడి చేనూ ఎండుతుంది. ఇక్కడా అంతే, బిగువుగా ఉన్న రోజునే ఈ ఏర్పాటు దెబ్బతింటుంది.

రెండే తీగలున్న పాత ఇంటిని తీసుకోండి. ఏసీ ఈ లైన్లో లేదు, బాయిలర్ ఒక్కటే. అంటే ఖాళీగా ఉండే రెండో తీగ లేదు. మామూలు చలిలో బాయిలర్ పది నిమిషాలు నడుస్తుంది, ఇరవై నిమిషాలు ఆగుతుంది. ఆగిన సమయంలో థర్మోస్టాట్ హాయిగా నింపుకుంటుంది. సున్నా ఫారెన్‌హీట్‌కి పడిపోయిన రాత్రి బాయిలర్ ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. నింపుకునే సమయం పోయింది, ఆ లిప్తల్లో దొరికే తునకలే దిక్కు. బ్యాటరీ మెల్లగా దిగుతుంది. దిగితే వైఫై పోతుంది, ఇంకా దిగితే తెర పోతుంది, ఆపైన రిలేని పట్టి ఉంచే శక్తి పోతుంది. ఏ రాత్రి వేడి తప్పనిసరిగా కావాలో ఆ రాత్రే అది ఆగుతుంది. న్యూజెర్సీ ఎడిసన్‌లో మా తోడల్లుడి ఇంట్లో జరిగింది ఇదే. పాత ఇల్లు, బేస్‌మెంట్‌లో బాయిలర్, గోడల వెంట నీళ్ల రేడియేటర్లు. తెల్లవారుజామున ఫోన్ చేసి, "అన్నయ్యా, ఫోన్‌లో ఆఫ్‌లైన్ అని చూపిస్తోంది, గోడ మీద చూస్తే నల్లగా ఉంది, పిల్లలు వణుకుతున్నారు" అన్నాడు. ఆ పూట నేను చెప్పిందల్లా ఒకటే: థర్మోస్టాట్‌ని గోడ పలక మీంచి లాగెయ్, ఆ రెండు తీగల చివర్లూ కలిపి చుట్టు. 24 వోల్టులే, ముట్టుకుంటే షాక్ కొట్టదు. కలపగానే కింద బాయిలర్ వెలిగింది. ఇల్లు వేడెక్కాక తీగలు విడదీయాలని, అప్పటిదాకా పడుకోవద్దని మాత్రం గట్టిగా చెప్పాను, ఎందుకంటే అలా కలిపి వదిలేస్తే ఆపేది ఎవరూ ఉండరు.

2016 జనవరిలో ఇలాంటిదే పెద్ద ఎత్తున జరిగింది. ఒక సాఫ్ట్‌వేర్ లోపం వల్ల నెస్ట్ థర్మోస్టాట్ల బ్యాటరీలు అయిపోయి, నడిశీతాకాలంలో ఇళ్లు చల్లబడ్డాయని పత్రికల్లో వచ్చింది. సంస్థ దిద్దుబాటు పంపింది. అక్కడ తప్పు సాఫ్ట్‌వేర్‌దే, ఒప్పుకుంటాను. అయినా వేడి నడవడానికి చిన్న బ్యాటరీ మీద ఆధారపడే అమరికలో ఎవరి తప్పు జరిగినా చివరికి చలికి వణికేది ఇంట్లోవాళ్లే.

రెండో ఇబ్బంది దీనికి తలకిందులు. పాత రిలే కాయిల్ మొద్దుగా ఉండేది, కొన్ని మిల్లీ ఆంపియర్లని లెక్కచేసేది కాదు. ఇప్పటి ఫర్నేసుల్లో రిలే చోట కంట్రోల్ బోర్డు ఉంటుంది. దాని మీద మైక్రోప్రాసెసర్ డబ్ల్యూ తీగ మీద వోల్టేజీ ఉందా లేదా అని మాత్రమే చూస్తుంది. దానికి అతి తక్కువ కరెంటు చాలు. థర్మోస్టాట్ తన తిండికని లాక్కునే కొద్దిపాటి కరెంటునే బోర్డు "వేడి కావాలట" అని అనుకోవచ్చు. ఎవరూ అడగకుండా బ్లోవర్ తిరగడం, ఫర్నేస్ వెలగబోయి ఆగడం, బయట కాంటాక్టర్ టకటక కొట్టుకోవడం, వీటి వెనక చాలాసార్లు ఈ కారణమే ఉంటుంది. మెకానిక్ వచ్చి బోర్డు మార్చాలంటాడు. బోర్డు మారుస్తారు. కొత్త బోర్డూ అలాగే చేస్తుంది. అప్పుడు డబ్ల్యూకీ సీకీ మధ్య ఓ రెసిస్టర్ పెట్టి ఆ కరెంటుకి వేరే దారి చూపిస్తారు. డబ్ల్యూ నుంచి సీకి తీగ వేసి రెసిస్టర్ పెట్టే ఓపిక ఉన్నవాళ్లు అదే సీని గోడ దాకా లాగితే గొడవే ఉండదు కదా అని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది.

కాంటాక్టర్ టకటక గురించి ఇంకో మాట. కాంటాక్టర్ ఏసీ కంప్రెసర్‌కి 240 వోల్టులు ఇచ్చే బరువైన స్విచ్చి. దాని కాయిల్ గట్టిగా పట్టుకోవాలంటే 24 వోల్టులకి దగ్గరగా అందాలి. పొడుగాటి సన్న తీగలో కొంత పోయి, థర్మోస్టాట్ రెండు మూడు వోల్టులు తినేసి, ట్రాన్స్‌ఫార్మర్ పాతబడి నీరసించి ఉంటే, కాయిల్ పట్టీ పట్టనట్టు ఊగుతుంది. ప్రతి ఊగుకీ ఆ 240 వోల్టుల కాంటాక్టుల మధ్య నిప్పురవ్వ. కాంటాక్టులు కాలి నల్లబడతాయి. వేల డాలర్ల కంప్రెసర్‌ని ఇలా అదరగొట్టడం తెలివైన పొదుపు ఎలా అవుతుంది?

టెక్సాస్‌లో చూసిన ఇంకో సంగతి చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ ఊహించరు. అక్కడ ఫర్నేస్, ఏసీ కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) చాలా ఇళ్లలో అటక మీద ఉంటాయి. వేసవి మధ్యాహ్నం నిచ్చెన ఎక్కి అటకలో తల పెడితే ఊపిరాడదు. ఏసీ కాయిల్ మీంచి కారే నీళ్లు ఒక గొట్టంలోంచి బయటికి పోవాలి. గొట్టంలో నాచు పేరుకుని అడ్డుపడితే నీళ్లు కింద పళ్లెంలోకి వస్తాయి. పళ్లెం నిండి సీలింగ్ తడిసిపోకుండా అక్కడ ఒక ఫ్లోట్ స్విచ్చి పెడతారు. నీళ్లు లేస్తే అది తీగని తెంపి ఏసీని ఆపేస్తుంది. దాన్ని వై తీగలో పెట్టారనుకోండి. అదే వై తీగ మీంచి కరెంటు తాగుతున్న థర్మోస్టాట్‌కి ఆ దారి మూసుకుపోతుంది. రెండు మూడు రోజుల్లో తెర ఆరిపోతుంది. ఇంటివాళ్లు థర్మోస్టాట్ పాడైందని కొత్తది తెస్తారు. కొత్తదీ ఆరిపోతుంది. అటక మీద పళ్లెంలో నీళ్లు అలాగే ఉంటాయి. నేను ఒక స్నేహితుడి ఇంట్లో మల్టీమీటర్ పట్టుకుని ఫర్నేస్ దగ్గర ఆర్, సీ మధ్య కొలిస్తే 27 వోల్టులు నిక్షేపంగా ఉన్నాయి. కింద గోడ దగ్గర ఆర్, వై మధ్య కొలిస్తే ఏమీ లేదు. మధ్యలో ఎక్కడో తెగిందని అప్పుడే తెలిసింది. పళ్లెం దగ్గరికి పాకుతూ వెళ్తే ఫ్లోట్ తేలుతూ కనిపించింది. గొట్టంలో అడ్డు తీశాం, కాసేపట్లో థర్మోస్టాట్ దానంతట అదే వెలిగింది. సీ వైరు ఉన్న ఇంట్లో ఇదే జరిగి ఉంటే తెర వెలుగుతూనే ఉండేది, చల్లగాలి రావడం లేదని మాత్రమే తెలిసేది, చూపు సరిగ్గా అటక వైపే వెళ్లేది. లోపం ఎక్కడుందో చెప్పాల్సిన పరికరమే ఆ లోపంతో పాటు ఆరిపోవడం నాకు ఏమాత్రం నచ్చని విషయం.

ఇక అవతలి వాదన. అమెరికాలో పాత ఇళ్లు కోకొల్లలు. గోడలు తవ్వి తీగ లాగించుకోమంటే ఎవరూ వినరు, అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకి ఆ హక్కే ఉండదు. పవర్ స్టీలింగ్ లేకపోతే ఆ ఇళ్లకి స్మార్ట్ థర్మోస్టాట్ చేరేదే కాదు, దానివల్ల ఆదా అయ్యే గ్యాసూ కరెంటూ ఆదా అయ్యేవే కాదు. ఈ వాదనలో బలం ఉంది. ఏసీ, హీటింగ్ రెండూ ఉండి, పాత రిలేలే ఉన్న ఇంట్లో ఇది ఏళ్ల తరబడి ఇబ్బంది లేకుండా నడవడం కూడా చూశాను. నా అభ్యంతరం అమ్మే తీరు మీద. "అక్కర్లేదు" అనే మాటకి, "లేకపోయినా చాలామటుకు నడుస్తుంది, నడవనప్పుడు కారణం పట్టుకోవడం కష్టం" అనే మాటకి చాలా తేడా ఉంది. రెండోది డబ్బా మీద వేస్తే కొనేవాడు తనకి తానే నిర్ణయించుకుంటాడు.

పైగా తీగ లాగడం చాలా ఇళ్లలో అనుకున్నంత పెద్ద పని కాదు. ముందు పాత థర్మోస్టాట్ పలక తీసి గోడలోని రంధ్రంలో టార్చి వేసి చూడండి. నాలుగు తీగలు బిగించి ఉన్నా, పైతొడుగు కాస్త వెనక్కి లాగితే వాడని ఐదో తీగ చుట్టచుట్టి కనిపించడం చాలా మామూలు. ఎక్కువగా అది నీలం. ఎర్రది ఆర్, తెల్లది డబ్ల్యూ, పసుపు వై, ఆకుపచ్చ జీ, నీలమో నలుపో సీ. ఇది ఆనవాయితీ మాత్రమే, కాబట్టి రంగుని నమ్మకండి, అవతలి కొస ఏ స్క్రూ కింద ఉందో ఫర్నేస్ దగ్గర చూసుకోండి. ఆ నీలం తీగని ఫర్నేస్ బోర్డు మీద సీ స్క్రూకి బిగిస్తే పని అయిపోయింది.

బిగించేముందు ఫర్నేస్ బ్రేకర్ ఆపండి. ఇది లాంఛనానికి చెప్పడం లేదు. ఆర్ తీగ పొరపాటున సీకి తగిలితే క్షణంలో షార్ట్. ఈకాలపు బోర్డుల మీద కార్లలో వాడేలాంటి చిన్న ఫ్యూజు ఉంటుంది, ఊదారంగుదైతే 3 ఆంపియర్లు, లేత గోధుమరంగుదైతే 5. అది కాలి మిగతాదాన్ని కాపాడుతుంది. థర్మోస్టాట్ మార్చిన వెంటనే ఇంట్లో ఏదీ పనిచేయకపోతే ముందు చూడాల్సింది ఆ ఫ్యూజునే. పాత ఫర్నేసుల్లో ఫ్యూజు లేకపోతే కాలేది ట్రాన్స్‌ఫార్మరే. ఇంకో జాగ్రత్త, కొన్ని ఇళ్లలో వేడికి ఒకటి, చల్లదనానికి ఒకటి, రెండు ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. థర్మోస్టాట్‌కి వచ్చే సీ, అది వాడుకునే ఆర్, రెండూ ఒకే ట్రాన్స్‌ఫార్మర్‌వి అయి ఉండాలి. ఒకదాని ఆర్, ఇంకోదాని సీ పెడితే వలయం పూర్తి కాదు, బిగింపంతా సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది, తెర మాత్రం వెలగదు.

ఐదో తీగ లేకపోతే నేను చెప్పే వరస ఇదీ. బేస్‌మెంట్‌లో ఫర్నేస్ ఉండి, థర్మోస్టాట్ సరిగ్గా దాని పై గోడ మీద ఉంటే పాత కేబుల్ కొసకి కొత్త ఐదు తీగల కేబుల్ కట్టి లాగించండి. పాత కేబుల్‌ని లోపల మేకులతో కొట్టి ఉంటే ఇది కుదరదు. అప్పుడు పక్కనే ఉన్న ప్లగ్గులో పెట్టే చిన్న 24 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. గోడ మీద తీగ కనిపిస్తుంది, అందంగా ఉండదు, కానీ నమ్మకంగా పనిచేస్తుంది. ఇది అద్దె ఇళ్లవాళ్లకి కూడా వీలే. మూడోది నాకు బాగా ఇష్టమైన ఉపాయం: ఆల్టర్నేటింగ్ కరెంటులో పై అర్ధ తరంగం, కింది అర్ధ తరంగం ఉంటాయి కాబట్టి, డయోడ్లతో ఒక్కో సగానికి ఒక్కో సంకేతం అప్పజెప్పి, ఒకే తీగ మీద రెండు ఆదేశాలు పంపే చిన్న పరికరం. దానివల్ల ఒక తీగ ఖాళీ అవుతుంది, ఆ ఖాళీ అయిన తీగే సీ అవుతుంది. జీ తీగని త్యాగం చేసి దాన్నే సీగా వాడుకోమని కొందరు చెబుతారు. అప్పుడు ఫర్నేస్ దగ్గర వైనీ జీనీ కలపాలి, ఇక ఫ్యాన్ ఒక్కటే తిప్పుకోవడం కుదరదు. మన ఇళ్లలో పోపు వేశాక ఫ్యాన్ తిప్పి వాసన చెదరగొట్టే అలవాటు ఉంది కాబట్టి నేను దాన్ని చివర్లో చెబుతాను.

చాలా గ్యాస్ ఫైర్‌ప్లేసుల్లో, కొన్ని పాత నేల ఫర్నేసుల్లో అసలు ట్రాన్స్‌ఫార్మరే ఉండదు. ఎప్పుడూ వెలిగే చిన్న పైలట్ మంట వేడికి థర్మోపైల్ (వేడిని కరెంటుగా మార్చే భాగం) పుట్టించే సుమారు 750 మిల్లీవోల్టులతోనే వాల్వు తెరుచుకుంటుంది. అక్కడ లాక్కోవడానికి ఏమీ లేదు. బ్యాటరీలతో నడిచే, మిల్లీవోల్టు వ్యవస్థకి పనికొస్తుందని రాసి ఉన్న థర్మోస్టాటే పెట్టాలి.

మన ఊళ్లలో ఉన్నవాళ్లకి ఇదంతా దూరం విషయం అనిపించవచ్చు. స్ప్లిట్ ఏసీకి రిమోట్ ఉంటుంది, గోడలో థర్మోస్టాట్ ఎక్కడిది? కానీ ఇదే చిక్కు హైదరాబాదు, విజయవాడ ఇళ్లలోకి వేరే దారిన వచ్చేసింది. ఫోన్‌తో వెలిగించే స్మార్ట్ స్విచ్చికీ కరెంటు కావాలి, దానికి ఫేజుతో పాటు న్యూట్రల్ ఉండాలి. సాకెట్ కూడా ఉన్న పెద్ద బోర్డులో న్యూట్రల్ దొరుకుతుంది. మంచం పక్కన ఒక్క స్విచ్చి ఉండే డబ్బాలో చాలాసార్లు ఫేజు, బల్బుకి వెళ్లే తీగ, ఈ రెండే ఉంటాయి. న్యూట్రల్ నేరుగా సీలింగ్‌లోని బల్బు దగ్గరికి పోయి ఉంటుంది. అప్పుడు "న్యూట్రల్ అక్కర్లేదు" అనే స్విచ్చి తెచ్చి పెడతారు. అది బల్బు మీదుగానే తన కరెంటు లాక్కుంటుంది. పాత ఫిలమెంట్ బల్బు ఆ చిన్న కరెంటుకి వెలగదు. 7 వాట్ల ఎల్ఈడీ మాత్రం రాత్రంతా మినుకుమినుకుమంటూనే ఉంటుంది, లేదా సన్నగా వెలుగుతూ ఉంటుంది. బల్బుకి సమాంతరంగా ఓ కెపాసిటర్ పెట్టి దాన్ని ఆపుతారు, ఫర్నేస్ దగ్గర రెసిస్టర్ పెట్టినట్టే.

కొత్త ఇల్లు కడుతూ ఇప్పుడు గోడల్లో పైపులు వేయిస్తున్నవాళ్లు ఎలక్ట్రీషియన్‌ని ప్రతి స్విచ్చి డబ్బాలోకీ న్యూట్రల్ తెమ్మని అడగండి. అతను "దేనికండీ, వేస్టు" అంటే కూడా తెమ్మనండి, వాడకపోతే కొసకి టేపు చుట్టి లోపలే వదిలేయమనండి. అమెరికాలో ఫ్రిస్కోలోనో, షార్లెట్‌లోనో కొత్త ఇంటికి సంతకం పెట్టబోయేవాళ్లకి షీట్‌రాక్ (గోడ పలకలు) కొట్టకముందు బిల్డర్‌తో ఇంట్లోకి వెళ్లే రోజు ఒకటి ఉంటుంది. ఆ రోజు థర్మోస్టాట్ వచ్చే చోట నిలబడి కేబుల్‌లో ఎన్ని తీగలున్నాయో లెక్కపెట్టండి. హీట్ పంపు (వేడీ చల్లదనమూ రెండూ ఇచ్చే యంత్రం) పెడుతుంటే ఐదు కూడా చాలవు, వాల్వు తిప్పే తీగ ఒకటి, అదనపు వేడికి ఒకటి కావాలి. ఎనిమిది తీగల 18 గేజీ కేబుల్ అడగండి. గోడ తెరిచి ఉన్నప్పుడు దానికయ్యే తేడా కొద్ది డాలర్లే.